సంతకం పేజీ మాత్రమే పంపే వీసా కన్సల్టెంట్లకు బహిరంగ లేఖ

బెంగళూరులో అమెరికా ఇమిగ్రెంట్ వీసాల ఫైళ్ళు తయారుచేసే కన్సల్టెంట్లకు, ఆ ఫైళ్ళకు ఆస్తి సర్టిఫికెట్లు రాసిచ్చే చార్టర్డ్ అకౌంటెంట్లకు,

నమస్కారం.

నేను బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ పొంది, మారతహళ్ళిలో స్థిరపడినవాణ్ణి. సొంతూరు మదనపల్లె పక్కన. మా అమ్మాయి, మనవడు అమెరికాలో ఉన్న అల్లుడి దగ్గరికి వెళ్ళేందుకు కావలసిన వీసాల ఫైలును మీ వృత్తిలోని ఒక కార్యాలయానికి అప్పగించాం. అక్కడ జరిగిన తప్పులను కాగితం మీద పెట్టి స్పీడ్ పోస్టులో పంపాను. అందినట్టు ఆన్‌లైన్‌లో కనబడింది, జవాబు మాత్రం రాలేదు. మెయిల్‌కూ అంతే. స్వయంగా వెళితే "సార్ మీటింగ్‌లో ఉన్నారు, మేమే ఫోన్ చేస్తాం" అని రిసెప్షన్‌లోని అమ్మాయి మర్యాదగా చెప్పి పంపింది. ఆ ఫోన్ నేటికీ రాలేదు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే ఇదే ధోరణి మా అపార్ట్‌మెంట్లలోని మరికొన్ని తెలుగు కుటుంబాల ఫైళ్ళలోనూ చూశాను. బ్యాంకు మనిషినని కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మీలో నిక్కచ్చిగా పనిచేసేవారు ఉన్నారని నాకు తెలుసు, ఈ లేఖలో వారు నొచ్చుకోవలసిందేమీ లేదు.

మీరు రోజూ చూసే కాగితమే అయినా, దాని బరువు ఎంతో ముందుగా రాయక తప్పదు. భార్యాబిడ్డలను శాశ్వత నివాసానికి పిలిపించుకునేవారు ఐ-864 అనే అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ ఇవ్వాలి. అమెరికా కాంగ్రెస్ 1996లో చేసిన ఇమిగ్రేషన్ సంస్కరణల చట్టంతో వచ్చి, 1997 డిసెంబరు 19 నుంచి అమలులో ఉన్న పత్రమిది. వచ్చే మనిషి బతుకు ఆ దేశపు దారిద్ర్యరేఖకు 125 శాతం స్థాయి కంటే కిందికి పడకుండా చూసుకుంటానని స్పాన్సర్ ఇందులో ప్రభుత్వానికి రాసిస్తాడు. సైన్యంలో ఉంటూ భార్యాబిడ్డలను పిలిపించుకునేవారికి మాత్రం 100 శాతం చాలు. ఈ ఒప్పందం కోర్టులో చెల్లుతుంది. వచ్చిన మనిషి పేదరికం ఆధారంగా ఇచ్చే ప్రభుత్వ సహాయాల్లో కొన్నింటిని తీసుకుంటే, ఇచ్చిన శాఖ ఆ సొమ్మును స్పాన్సర్ నుంచి వసూలు చేసుకోవచ్చు. వచ్చిన మనిషే తన పోషణ కోసం స్పాన్సర్ మీద దావా వేయవచ్చు. ఈ బాధ్యత వచ్చిన మనిషి పౌరసత్వం తీసుకున్నాకనో, సోషల్ సెక్యూరిటీ లెక్కలో 40 క్వార్టర్ల పని, అంటే సుమారు 10 ఏళ్ళ పని జమ అయ్యాకనో, గ్రీన్ కార్డు హోదా పోయి దేశం విడిచి వెళ్ళిపోయాకనో, లేక మరణంతోనో తీరుతుంది. విడాకులైనా తీరదు. స్పాన్సర్ ఇల్లు మారితే 30 రోజుల్లో ఐ-865 ఫారంలో తెలియజేయాలి, తెలియజేయకపోతే 250 నుంచి 2,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. ఇంత బాధ్యత తలకెత్తుకునే మనిషికి మీలో కొందరు వాట్సాప్‌లో ఒక్క పేజీ పంపి, "ఇక్కడ సంతకం పెట్టి స్కాన్ చేసి పంపండి సార్, మిగతాది మేం చూసుకుంటాం" అంటున్నారు.

ఇక మా ఫైలులో జరిగినవి.

1. అల్లుడు గ్రీన్ కార్డు మీద ఉండగా అమ్మాయి పేరున పిటిషన్ వేశాడు. గ్రీన్ కార్డుదారు భార్య కోసం వేసే ఆ పిటిషన్‌లో బిడ్డ కూడా తల్లితో పాటే వస్తాడు, వేరే పిటిషన్ అక్కరలేదు. ఆ తర్వాత అల్లుడికి అమెరికా పౌరసత్వం వచ్చింది. ఇంటిల్లిపాదీ సంతోషించాం, మా ఫైలు చూసే కార్యాలయానికి ఆ సర్టిఫికెట్ ప్రతి కూడా పంపాం. పౌరసత్వంతో అమ్మాయి కేసు వేగం పుంజుకున్న మాట నిజమే గానీ, ఆ రోజుతోనే మనవడు తల్లి పిటిషన్ నుంచి జారిపోయాడు. అమెరికా పౌరుడి భార్య కేసులో బిడ్డను వెంట చేర్చే వీలుండదు కాబట్టి తండ్రి బిడ్డ కోసం వేరుగా ఐ-130 పిటిషన్ వేయాలి. ఈ వృత్తిలో అందరికీ తెలిసి ఉండవలసిన సంగతి ఇది. ఇంటర్వ్యూకు ముందు ఫైళ్ళను పరిశీలించే అమెరికా ప్రభుత్వ కార్యాలయం, నేషనల్ వీసా సెంటర్, ఈ సంగతి మెయిల్‌లో తెలిపింది కూడా. కేసులో మా మెయిల్ అడ్రసుకు బదులు తమ ఆఫీసు అడ్రసు ఇచ్చుకున్నారు కాబట్టి ఆ మెయిల్ వాళ్ళ ఇన్‌బాక్స్‌లోనే పడి ఉంది. ముంబై ఇంటర్వ్యూ లెటర్ వచ్చాక, దాని మీద అమ్మాయి పేరు ఒక్కటే ఉండడం చూసి మాకు అనుమానం వచ్చింది. అడిగితే "పిల్లవాడి పేరు లోపల ఉంటుంది సార్" అన్నారు. లేదు.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. తండ్రి అమెరికా పౌరుడై, 18 ఏళ్ళలోపు సొంత బిడ్డ గ్రీన్ కార్డు హోదాతో వెళ్ళి ఆయన సంరక్షణలో, ఆయన దగ్గరే ఉంటే, 2000 సంవత్సరపు చైల్డ్ సిటిజన్‌షిప్ చట్టం ప్రకారం అడుగుపెట్టడంతోనే ఆ బిడ్డ పౌరుడైపోతాడు. అలాంటి బిడ్డకు అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ అవసరమే లేదు. మా ఫైలులో మనవడికి అవసరమైన పిటిషన్ వేయలేదు, అవసరం లేని అఫిడవిట్ మాత్రం ఫీజు తీసుకుని మరీ తయారుచేశారు. సవతి బిడ్డ అయితే లెక్క వేరు, అఫిడవిట్ కావాలి. ఈ తేడా అడిగి తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు.

2. రెండో తప్పు తలల లెక్కలో జరిగింది. అమెరికా అల్లుడనగానే లక్షల డాలర్ల జీతం ఊహించుకుంటారు గానీ, మా అల్లుడు ఒక గిడ్డంగిలో సూపర్‌వైజరు. ఏడాదికి 41,000 డాలర్లు. 2025 దారిద్ర్యరేఖ పట్టిక ప్రకారం ముగ్గురున్న కుటుంబానికి 26,650 డాలర్లు, దాని మీద 125 శాతమంటే 33,312. తను, భార్య, కొడుకు కలిసి ముగ్గురే కదా అని మీవాళ్ళు ఫారంలో 3 వేశారు. కానీ తన చెల్లెలి భర్త, వాళ్ళ బిడ్డ అమెరికా వచ్చినప్పుడు అల్లుడు జాయింట్ స్పాన్సర్‌గా, అంటే అసలు స్పాన్సర్ ఆదాయం చాలనప్పుడు అదే బాధ్యతను తానూ తీసుకునే మనిషిగా, సంతకం పెట్టాడు, ఆ సంగతి మీరిచ్చిన ప్రశ్నావళిలోనే రాసి పంపాడు. వాళ్ళిద్దరూ వేరే ఊళ్ళో వేరే ఇంట్లో ఉన్నా, బాధ్యత తీరేదాకా అతని కుటుంబ లెక్కలోనే ఉంటారు. అప్పుడు తలలు ఐదు. ఐదుగురికి 37,650, దాని మీద 125 శాతమంటే 47,062 డాలర్లు. ఇంటర్వ్యూలో అధికారి ఇదే అడిగాడు. 221(జి) కింద కేసు ఆపి, చీటీ చేతికిచ్చి పంపాడు.

3. అక్కడి నుంచి దిద్దుబాటు పేరుతో జరిగింది మరీ విచిత్రం. తగ్గింది 6,062 డాలర్లు. ఆదాయం చాలనప్పుడు ఆస్తులు చూపించవచ్చు. అమెరికా పౌరుడు భార్యను పిలిపించుకునేటప్పుడు లోటుకు మూడు రెట్లు చూపితే చాలు, మిగతా చాలా కేసులలో ఐదు రెట్లు చూపాలి. మూడు రెట్లంటే 18,186 డాలర్లు, మన డబ్బులో పదహారు లక్షలకు అటూ ఇటూ. ఆ ఆస్తి స్పాన్సర్‌దే కానక్కరలేదు, వెళ్ళబోయే మనిషిదీ లెక్కకొస్తుంది. మా అమ్మాయి ఇక్కడ ఉద్యోగం చేసి దాచుకున్న ఫిక్సెడ్ డిపాజిట్లు దానికి సరిపోతాయి. డిపాజిట్ రసీదులు, గత 12 నెలల స్టేట్‌మెంట్లు, వాటి మీద లోను లేదని బ్యాంకు ఇచ్చే లేఖ పెడితే ఆ చిక్కు అంతటితో తీరిపోయేది. ఈ దారి మాకెవరూ చెప్పలేదు.

చెప్పినదేమిటంటే, నా ఫ్లాటుకు వాల్యుయేషన్ చేయించమన్నారు. ఆస్తి మీద అప్పులేమైనా ఉన్నాయా అని చూపే ఈసీ తీయించమన్నారు, ఆస్తి ఎవరి పేరున ఉందో చూపే ఈ-ఖాతా ప్రతి కావాలన్నారు, మీకు తెలిసిన చార్టర్డ్ అకౌంటెంటు చేత నా పేరున నెట్‌వర్త్ సర్టిఫికెట్ రాయించారు. నిగనిగలాడే కవరు, స్పైరల్ బైండింగు, చివర కోటికి పైబడిన అంకె. నేను అల్లుడికి స్పాన్సర్‌ను కాను, అతని ఇంట్లో ఉండేవాణ్ణి కాను, వెళ్ళేవాణ్ణీ కాను. నా ఫ్లాటు ఎన్ని కోట్లదైనా ఐ-864 దాన్ని పట్టించుకోదు. తల్లిదండ్రుల ఆస్తి చూపించడం స్టూడెంట్ వీసాల పద్ధతి. ఏళ్ళ తరబడి పిల్లల ఎఫ్-1 ఫైళ్ళు చేసిన అలవాటుతో, భార్యాబిడ్డల ఫైళ్ళనూ అదే అచ్చులో పోస్తున్నారని నాకు అప్పుడు అర్థమైంది. ఈ లేఖలోని చాలా తప్పులకు మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం. స్టూడెంట్ ఫైలులో చూపేది ఖర్చులకు డబ్బుందన్న రుజువు. ఐ-864 ఏళ్ళ తరబడి ఒక మనిషిని కట్టిపడేసే ఒప్పందం. ఈ రెండింటికీ ఒకే చెక్‌లిస్టు పనికిరాదు.

4. దాని వెంటే జాయింట్ స్పాన్సర్ కావాలన్నారు. మా అన్నగారి అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. బాబాయి అడిగాడంటే కాదనలేడు. వాడికి వాట్సాప్‌లో వచ్చింది సంతకం పేజీ ఒక్కటే. ముందు పేజీలు అడిగితే రెండు రోజులకు పంపారు. వాటిలో ఆదాయం గడి ఖాళీ, కుటుంబ సభ్యుల సంఖ్య గడి ఖాళీ. ఆ సంతకానికి పైన, ఇందులో రాసినదంతా నిజమని, అబద్ధమైతే చట్టప్రకారం శిక్షకు లోనవుతానని ప్రమాణం ఉంటుంది. ఖాళీ గడుల కింద ఆ ప్రమాణం ఎలా చేయమన్నారు? బ్యాంకులో ఇలా ఖాళీ ఫారం మీద ఖాతాదారు చేత సంతకం పెట్టించిన గుమాస్తా ఉద్యోగం నిలిచేది కాదు.

పైగా వాడు పౌరసత్వం వచ్చాక మదనపల్లెలో ఉన్న మా అన్నయ్యనూ వదిననూ తీసుకెళ్ళాలనుకుంటున్నాడు. మా అమ్మాయికి సంతకం పెడితే, గ్రీన్ కార్డు హోదాతో అక్కడ అడుగుపెట్టిన రోజు నుంచి ఆమె కూడా వాడి కుటుంబ లెక్కలో ఒక తల అవుతుంది, అమ్మానాన్నల అఫిడవిట్ వేసేనాటికి ఆ తలకు తగ్గ ఆదాయం అదనంగా చూపాలి. మా అల్లుడికి జరిగింది అచ్చంగా ఇదే కదా! చెల్లెలి భర్తకు ఏనాడో పెట్టిన సంతకం ఇవాళ సొంత భార్య కేసును ఆపింది. జాయింట్ స్పాన్సర్ అనే మాట మనవాళ్ళకు పెళ్ళి సాక్షి సంతకమంత తేలికగా వినబడుతోంది. వివరించి చెప్పవలసినవారు మీరు. మీరే "ఫార్మాలిటీ సార్" అంటున్నారు.

ఆ కాగితాన్ని వాడవద్దని రాసిచ్చి ఆపించాం. మనవడి పిటిషన్‌ను అల్లుడు ఆన్‌లైన్‌లో 625 డాలర్లు కట్టి ఇప్పుడు కొత్తగా వేశాడు. అమ్మాయి డిపాజిట్ల రుజువులు సిద్ధంగా ఉన్నాయి గానీ, 221(జి)కి సమాధానం పంపే ముందు ఆలోచించవలసి వస్తోంది. సమాధానానికి ఏడాది గడువుంది. పంపి వీసా వస్తే, ఇమిగ్రెంట్ వీసా గడువు మామూలుగా ఆరు నెలలు దాటదు, మెడికల్ గడువు దగ్గర పడితే ఇంకా తక్కువ. ఆ లోపు ఆమె విమానం ఎక్కాలి, కొడుకును మా దగ్గర వదిలి. పంపకుండా ఆగితే భర్త అక్కడ, భార్య ఇక్కడ. ఉద్యోగానికి నోటీసు ఇవ్వాలా వద్దా, పిల్లవాడికి వచ్చే ఏడాది స్కూలు ఫీజు కట్టాలా వద్దా అన్నవి మా ఇంట్లో రోజూ నడిచే చర్చలు. మీ కార్యాలయంలో ఒక గడిలో 5కు బదులు 3 వేయడం వల్ల, ఒక మెయిల్ తెరవకపోవడం వల్ల వచ్చిన ఫలితమిది.

కాబట్టి మీ అందరినీ ఈ కిందివి కోరుతున్నాను.

1. సంతకం పేజీ విడిగా పంపడం ఇవాళే మానండి. పూర్తిగా నింపిన ఫారం మొత్తం స్పాన్సర్‌కు పంపి, చదివానని అతను చెప్పాకే సంతకం తీసుకోండి. దాంతోపాటు బాధ్యత ఎప్పటిదాకా, దేనికి, ఎప్పుడు తీరుతుంది అన్నవి తెలుగులోనో కన్నడలోనో ఒక పేజీలో రాసి ఇవ్వండి. ఊళ్ళో ఉన్న పెద్దలకు కూడా చదివి వినిపించగలిగేలా ఉండాలి. ఎందుకంటే అమెరికాలోని మేనల్లుడినో తోడల్లుడినో సంతకం అడిగేది ఆ పెద్దలే.

2. కేసులో కుటుంబం మెయిల్, ఫోను ఉంచండి. కేసు నంబరు, ఇన్‌వాయిస్ ఐడీ నంబరు మొదటి రోజే వాళ్ళ చేతికివ్వండి. నేషనల్ వీసా సెంటర్ నోటీసులకు ఏడాది పాటు స్పందన లేకపోతే పిటిషన్ రద్దు దాకా వెళ్ళవచ్చు. మీ గుమాస్తా ఉద్యోగం మారినందుకో, మీ మెయిల్ నిండిపోయినందుకో ఒక కుటుంబం ఆ ప్రమాదంలో పడకూడదు.

3. ఫీజుల చీటీ రెండు భాగాలుగా ఇవ్వండి. ప్రభుత్వానికి పోయేది ఒకవైపు, మీకు వచ్చేది ఒకవైపు. ఐ-864 ఫారం ఉచితం. నేషనల్ వీసా సెంటర్ దశలో అఫిడవిట్ పరిశీలనకు 120 డాలర్లు, వీసా దరఖాస్తుకు మనిషికి 325 డాలర్లు తీసుకుంటారు. మీ శ్రమకు మీరు ఎంత తీసుకున్నా అది మీకూ మాకూ మధ్య సంగతి. కానీ "ఎంబసీ చార్జీలు" అని ఒకే అంకె చెప్పి అందులో మీ ఫీజు కలపడం సరికాదు. అలాగే ఐ-864కు నోటరీ అవసరం లేదు. నూరు రూపాయల ఈ-స్టాంపు కాగితం మీద అల్లుడి తరఫున మామగారు "పోషిస్తానని" ప్రమాణం చేసే పత్రాలు నేను రెండు ఫైళ్ళలో చూశాను. వాటికి విలువ లేదు, ఖర్చు మాత్రం ఉంది.

4. చార్టర్డ్ అకౌంటెంట్లకు ప్రత్యేకంగా రాస్తున్నాను. మీరిచ్చే ప్రతి సర్టిఫికెట్ మీద 2019 ఫిబ్రవరి 1 నుంచి యూడీఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరు ఉండాలని మీ ఇన్‌స్టిట్యూటే నియమం పెట్టింది. ఆ నంబరు మీ సంతకానికి గౌరవం తెచ్చింది, కాగితాన్ని అవసరమైనదిగా మార్చలేదు. నెట్‌వర్త్ సర్టిఫికెట్ అడిగినవారిని ముందుగా మూడు విషయాలు అడగండి: ఏ వీసా, స్పాన్సర్ ఎవరు, ఈ ఆస్తి ఎవరి పేరున ఉంది? ఇమిగ్రెంట్ వీసా అయి, ఆస్తి స్పాన్సర్‌దో, అతనితో కలిసి ఉంటూ ఐ-864ఏ మీద సంతకం పెట్టే ఇంటి మనిషిదో, వెళ్ళే మనిషిదో కాకపోతే, ఆ సర్టిఫికెట్ వల్ల ఉపయోగం లేదని చెప్పి పంపేయండి. ఉపయోగపడే కేసుల్లోనైనా, ఆస్తి ఏడాదిలోపు నగదుగా మారేదై ఉండాలి, అప్పు పోను మిగిలిన విలువే లెక్కకు వస్తుంది. తాకట్టులో ఉన్న ఇంటికి మార్కెట్ ధర వేసి ఊరుకుంటే నష్టపోయేది మీరు కాదు, ఇంటర్వ్యూ కిటికీ ముందు నిలబడే ఆడపిల్ల.

5. బెంగళూరులోనే ఉంటున్న అమెరికా పౌరుల సంగతి. వైట్‌ఫీల్డ్ వైపు ఇలాంటి కుటుంబాలు కొన్ని ఉన్నాయి. భర్త అమెరికా పౌరుడు, ఇక్కడికి వచ్చి ఉద్యోగం చేస్తున్నాడు, ఇప్పుడు భార్యాబిడ్డలతో తిరిగి వెళ్ళాలనుకుంటున్నాడు. నాకు తెలిసిన ఒక కుటుంబానికి మీవాళ్ళు ఇక్కడి ఫారం 16, ఐటీఆర్ పెట్టి పంపించారు. జీతం ఘనంగానే ఉంది. కానీ ఇక్కడి ఉద్యోగం మానేసి వెళ్ళేవాడి ఇక్కడి జీతం అక్కడ కొనసాగదు కాబట్టి అది లెక్కకు రాదు. అక్కడికి వెళ్ళాక కూడా అదే కంపెనీ జీతం ఇస్తుందన్న లేఖ ఉంటే వేరు. రెండోది, స్పాన్సర్ నివాసం అమెరికాలో ఉండాలి, లేదా భార్యాబిడ్డలు అడుగుపెట్టే నాటికి అక్కడ కాపురం పెడుతున్నట్టు ఆధారాలు ఉండాలి. ఉద్యోగం ఆఫరు, అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, పిల్లల స్కూలు వాకబు, ఇలాంటివి. మూడోది, అందరూ మరిచేది: అమెరికా పౌరుడు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా, ఆదాయం పరిమితి దాటితే అమెరికాలో రిటర్ను వేయాలి. విదేశీ ఆదాయం మినహాయింపు 2024 సంవత్సరానికి 1,26,500 డాలర్ల దాకా ఉంది కాబట్టి చాలామందికి పన్ను పడదు. పన్ను పడదు కదా అని రిటర్నే వేయరు. ఐ-864 అడిగేది ఆ రిటర్నునే, ఇటీవలి సంవత్సరానిది. ఏళ్ళ తరబడి వేయని రిటర్నులు వెనక్కి వెళ్ళి వేసుకునేసరికి నెలలు గడుస్తాయి. ఇది ఫైలు తెరిచిన రోజే అడగవలసిన ప్రశ్న, ఇంటర్వ్యూకు వారం ముందు అడగవలసినది కాదు.

6. ఫారం నింపింది మీరైతే మీ పేరు రాయండి. స్పాన్సర్ తరఫున వేరేవారు ఫారం తయారుచేస్తే ఆ వ్యక్తి పేరు, చిరునామా, సంతకం కోసం ఐ-864లో ప్రత్యేక భాగమే ఉంది. నేను చూసిన ఫైళ్ళన్నిటిలోనూ అది ఖాళీగా ఉంది. ఫీజు రసీదులో కనిపించే పేరు ఫారంలో ఎందుకు కనబడదు? మీరు అమెరికా న్యాయవాదులు కానప్పుడు కాదని బోర్డు మీదనే రాయండి. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపేందుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద తీసుకున్న రిజిస్ట్రేషన్‌ను ఫ్రేము కట్టి గోడకు తగిలించి, దాన్ని చూపి భార్యాబిడ్డల వీసా సలహాకు ఫీజు తీసుకోవడం పద్ధతి కాదు. ఆ రిజిస్ట్రేషన్‌కూ ఈ పనికీ సంబంధం లేదు.

7. మధ్యలో స్పాన్సర్‌కు పౌరసత్వం వచ్చినా, ఉద్యోగం పోయినా, ఇంకో బిడ్డ పుట్టినా, మరొకరికి జాయింట్ స్పాన్సర్ అయినా ఫైలును మొదటి నుంచి మళ్ళీ చూడండి. ప్రతి ఇంటర్వ్యూకు ముందు తలల లెక్క, ఆ ఏటి దారిద్ర్యరేఖ పట్టిక మరోసారి సరిచూడండి. ఆ పట్టిక ఏటా మారుతుంది. పాత ఏడాది పట్టికతో నింపిన ఫారాలు ఇప్పటికీ మీ బల్లల మీద కనబడుతున్నాయి.

8. మా ఫైలు చేసిన కార్యాలయానికి వేరుగా: మనవడి పేరున తీసుకున్న అఫిడవిట్ ఫీజు, నా నెట్‌వర్త్ సర్టిఫికెట్, వాల్యుయేషన్ ఖర్చులు వాపసు ఇవ్వాలి. నేషనల్ వీసా సెంటర్ నుంచి మా కేసు విషయమై వచ్చిన ప్రతి మెయిల్ ప్రతినీ, మీ దగ్గర ఉన్న మా అసలు కాగితాలనూ అప్పగించాలి. ఆ మెయిళ్ళు మాకు డబ్బు కంటే ముఖ్యం. మనవడి కేసులో ఏ తేదీన ఏమి తెలియజేశారో వాటిలోనే ఉంది.

ఈ లేఖ ప్రతిని ఆ కార్యాలయానికి మళ్ళీ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. 30 రోజుల్లో రాతపూర్వకంగా సమాధానం రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. కాగితాలన్నీ వరుసలో పెట్టుకున్నాను. మారతహళ్ళి, కేఆర్ పురం, బీటీఎం లేఅవుట్ ప్రాంతాల్లో ఇలాంటి అనుభవం ఉన్న కుటుంబాలు తమ రసీదులు, వాట్సాప్ సందేశాలు చెరిపివేయకుండా ఉంచుకోవాలనీ, ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసుకోవాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
మారతహళ్ళి, బెంగళూరు